ముందు టైరు కొలవండి, తర్వాతే క్రౌన్ పినియన్

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఇంజనీరింగ్ పిల్లలు కూర్చున్నారు, వెనకేమో ఆటోనగర్ నుంచి పని ఆపుకొని వచ్చిన అన్నలు. ఇద్దరి కోసం వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే రెండు పళ్ళ చక్రాలు బల్ల మీద పెట్టాను: పెద్దది క్రౌన్ వీల్, చిన్నది పినియన్. చేతికి నూనె అంటుతుంది, ఫర్వాలేదు, వెళ్ళేముందు ఒకసారి పట్టుకొని చూడండి.

పెద్దదానికి 41 పళ్ళు, చిన్నదానికి 10. భాగిస్తే 4.10, దీన్నే యాక్సిల్ రేషియో అంటాం. అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, 4.1 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 40 పళ్ళు పెట్టి సరిగ్గా 4 చేయొచ్చు కదా అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. 40కి 10 పెడితే పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ అవే నాలుగు పళ్ళతో రాసుకుంటుంది. 41 అయితే ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నునూ కలుస్తుంది. అరుగుదల అంతటా సమంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు చాలామంది "అన్నా, 4.10 వేస్తే బాగుంటుందా, 4.30 వేస్తే బాగుంటుందా" అని అడుగుతారు. నేను వాళ్ళను టైరు సైజు అడుగుతాను. యాక్సిల్ ఒక్కటే చూసి రేషియో చెప్పడం కుదరదు. టైరు, గేర్‌బాక్స్, యాక్సిల్ మూడూ కలిస్తేనే లెక్క.

205/55 ఆర్16 టైరు తీసుకుందాం. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. చుట్టుకొలత దాదాపు 1.98 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి 840 చుట్లు తిరుగుతుంది. టాప్ గేర్ 1:1, అంటే ఇంజన్ ఒక చుట్టుకు షాఫ్ట్ ఒక చుట్టు, అనుకుంటే 3.73 యాక్సిల్‌తో ఇంజన్ 3,130 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉంటుంది, 4.10తో 3,440 దగ్గర. తేడా పది శాతం. ఏ గేర్‌లో అయినా చక్రం దగ్గర లాగుడు పది శాతం పెరుగుతుంది, ఆ గేర్ అంతే ముందుగా అయిపోతుంది. ఇంజన్ పవర్ మాత్రం ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. ఫస్ట్ గేర్‌లో టైర్లు ఇప్పటికే జారుతుంటే, పెద్ద అంకె వేసినందువల్ల పొగ తప్ప ఏమీ రాదు.

అదే బండికి 205/65 టైర్లు వేశారనుకోండి. చక్రం ఆరున్నర శాతం పెద్దదవుతుంది. మీరు డబ్బు పెట్టి వేయించిన 4.10 ఇప్పుడు 3.85 లాగా నడుస్తుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పాత నాలుగు గేర్ల కారుకు 4.88 యాక్సిల్ బిగించాను. చంద్రగిరి దాకా పోయివచ్చి ఆ కారు ఓనర్ "లాగతా ఉండాదన్నా!" అని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను. మరుసటి వారం కుటుంబంతో చెన్నై బయలుదేరాడు. నాలుగో గేర్ తర్వాత ఇంకో గేర్ లేదు. 100 దగ్గర ఇంజన్ నాలుగు వేలు దాటి అరుస్తోంది. కారులో ఒకరి మాట ఒకరికి వినపడలేదట. ఆయన ఏ రోడ్డు మీద ఎక్కువ తిరుగుతాడో నేను అడగలేదు. ఆ తప్పు నాదే. యాక్సిల్ మళ్ళీ విప్పి మార్చాను.

అందుకే ఏ రోడ్డో ముందు తేల్చుకోండి. తిరుమలకు పైకి 28 నిమిషాలకంటే ముందు చేరకూడదని నిబంధన ఉంది. సగటు వేగం 40 లోపే. అక్కడికి పెద్ద అంకె యాక్సిల్ ఎందుకు? సెకండ్, థర్డ్ గేర్లు చాలు. దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపడం, కొంచెం పెరుగుతుంది, నిజమే, కానీ ఆ పని ఒక గేర్ కిందికి వేసినా జరుగుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట రేస్ ట్రాక్‌కు వెళ్ళేవాళ్ళ లెక్క వేరు. అక్కడ అన్నిటికంటే పొడవైన స్ట్రెయిట్ చివర, బ్రేక్ నొక్కే ముందు ఇంజన్ గరిష్ఠ పవర్ ఆర్‌పీఎం దాటి రెడ్‌లైన్‌కు (ఇంజన్ దాటకూడని ఆర్‌పీఎంకు) కాస్త కింద ఉండాలి. అంతకంటే ముందే రెడ్‌లైన్ తగిలితే అంకె పెద్దదైంది. టాప్ గేర్ సగం కూడా వాడకపోతే చిన్నదైంది. మలుపుల మధ్యలో అనవసరంగా గేర్ మార్చాల్సి వస్తుందా అన్నది కూడా రాసుకోండి. ఒక్క గేర్ మార్పు తగ్గినా అక్కడ సమయం మిగులుతుంది.

బిగించడం గురించి అన్నలకు ఒక మాట. క్రౌన్, పినియన్ జతగా వస్తాయి, ఒకదాన్ని ఒక సెట్ నుంచి, రెండోదాన్ని ఇంకో సెట్ నుంచి వేయొద్దు. పళ్ళకు రంగు పూసి తిప్పితే అచ్చు పన్ను మధ్యలో పడాలి. అంచుకు పోతే షిమ్ (సర్దుబాటుకు పెట్టే పలుచని రేకు) మార్చాలి. బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య ఉండే సందు, కంపెనీ చెప్పిన కొలతలో ఉందో లేదో డయల్ గేజ్‌తో చూడండి, చేత్తో కదిపి చూసి సరే అనుకోవద్దు. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి తిరిగే బండ్లలో 3.73 తీసి 4.10 వేస్తే, 100 వేగంలో 110 చూపిస్తుంది. అది కూడా సరిచేసి బండి అప్పగించండి.

మీ బండిలో ఏ రేషియో ఉందో తెలియకపోతే యాక్సిల్ హౌసింగ్ విప్పక్కర్లేదు. బండి కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ తీసి, ఒక వెనక చక్రాన్ని మాత్రం జాకీతో ఎత్తండి. షాఫ్ట్ మీద, టైరు మీద సుద్దతో గీత పెట్టండి. మామూలు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక, లాక్ లేనిది) అయితే, రెండో చక్రం నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి, ఎత్తిన చక్రాన్ని ఒకటి కాదు, రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నాలుగు దాటి కాస్త వస్తే 4.10 కావచ్చు, మూడు ముప్పావు దగ్గర ఆగితే 3.73. బయట జీపు ఒకటి ఎత్తి పెట్టాం, సుద్ద ముక్క బానెట్ మీద ఉంది. రండి, లెక్కపెడదాం.