ట్రే నారు వయసు

శ్రోతలకు నమస్కారం.

ఆగస్టు నెలలో దర్శి వైపో త్రిపురాంతకం వైపో వెళ్తే మిరప నర్సరీల ముందు ఆటోలు, ట్రాక్టర్లు ఆగి ఉంటాయి. నల్లటి ప్లాస్టిక్ ట్రేలు, ఒక్కో ట్రేకి 98 గుంటలు, ఒక్కో గుంటలో కాస్త కొబ్బరి పొట్టు, అందులో ఒక మొక్క. మొక్క ఎంత, ఏ కంపెనీ హైబ్రిడ్, వైరస్‌ని తట్టుకుంటుందా, పోయినేడు వేసినవాళ్ళకి ఎన్ని క్వింటాళ్ళు వచ్చాయి అని రైతులు అడుగుతూనే ఉంటారు. "అన్నా, ఈ విత్తనం ఏ తేదీన పెట్టావు?" అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ తేదీ గురించే.

వరి రైతుకి ఇది కొత్త సంగతి కాదు. పంట ఎన్ని నెలలదైతే నారు అన్ని వారాలది ఉండాలని పెద్దవాళ్ళ లెక్క. నాలుగు నెలల పంటకి నాలుగు వారాల నారు. నెల్లూరు ఆయకట్టులో కాలువ నీళ్ళు ఆలస్యమై నారు మడిలోనే ముదిరిపోతే ఏమవుతుందో అక్కడి రైతులందరికీ తెలుసు. నాటిన తర్వాత పిలకలు సరిగా రావు, పైరు ముందే ఈనుతుంది, కంకి చిన్నదవుతుంది. తక్కువ కాలం రకాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే పోయిన రోజుల్ని మళ్ళీ పూడ్చుకునే వ్యవధి ఆ మొక్కకి ఉండదు. అదే ముదురు నారు మిరపలో వస్తే మనం గుర్తుపట్టం. ట్రేలో మొక్క పచ్చగా, పొందికగా, చేతికి ఇమిడేటట్టు ఉంటుంది. చూడ్డానికి ముద్దుగా ఉంది కదా అని తెచ్చి నాటేస్తాం.

మొక్క ఎప్పుడు పూయాలో దేన్ని బట్టి తేల్చుకుంటుంది? ఈ ప్రశ్నకి జవాబు దొరికింది పొగాకు మొక్కలో. కొండపి, టంగుటూరు, కందుకూరు రైతులకి పొగాకు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, ఈ కథ మాత్రం వినదగ్గది. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఉండేవారు. వాళ్ళ పొలంలో మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా ఎత్తుగా పెరుగుతూ ఆకులేస్తూనే ఉండేది, పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో గాజు ఇంట్లో పెడితే చిన్నగా ఉండగానే పూసేది. ఎరువు, వేడి, తేమ అన్నీ పరీక్షించారు. చివరికి వేసవిలోనే రోజూ కొంతసేపు మొక్కల్ని చీకటి కొట్లో పెట్టి చూశారు. పూశాయి! పగటి పొడవును బట్టి మొక్కలు పూస్తాయని 1920లో వాళ్ళు ప్రకటించారు. మొక్క నిజంగా కొలిచేది రాత్రి పొడవునని తర్వాత వచ్చినవాళ్ళు తేల్చారు. చామంతి తోటల్లో అర్ధరాత్రి బల్బులు వెలిగించి పూతను ఆపే పద్ధతి అందులోంచి వచ్చిందే.

మన కందిలో, చిక్కుడులో, గోంగూరలో ఈ గుణం ఉంది. పాత రకం కందిని జూన్‌లో వేసినా జూలై చివర వేసినా పూత దాదాపు ఒకే రోజుల్లో పడుతుంది, ఎందుకంటే అవి పగలు తగ్గడం కోసం ఎదురుచూస్తాయి. ముందు వేస్తే మనిషెత్తు పెరిగి పూస్తాయి, వెనక వేస్తే నడుమెత్తులోనే పూస్తాయి.

రెండో జాతి మొక్కలు వేరు. వాటికి పగలు, రాత్రి ఎంతున్నా పెద్దగా పట్టదు. వయసు వచ్చిందా, ఇన్ని ఆకులు వేశానా అన్నదే వాటి లెక్క. టమాటా, మిరప ఈ జాతివే. మిరప మొక్కని దగ్గరగా చూడండి. ఒంటి కాండం మీద ఎనిమిది నుంచి పన్నెండు ఆకుల దాకా వేసి, కొనలో మొదటి మొగ్గ పెడుతుంది. ఆ మొగ్గ దగ్గరే కాండం రెండుగా చీలి పంగ పడుతుంది. అక్కడి నుంచి ప్రతి చీలిక దగ్గరా ఒక పువ్వు. అంటే మిరప చెట్టు గొడుగు ఎంత ఎత్తున మొదలవ్వాలో, ఎంత బలమైన కాండం మీద నిలబడాలో ఆ మొదటి మొగ్గతోనే తేలిపోతుంది. ఆ మొగ్గ ట్రేలో ఉండగానే పుట్టిందనుకోండి, సన్నటి కాండం మీద జానెడు ఎత్తులో పంగ పడుతుంది. ఆ మొక్కకి తర్వాత మీరు ఎంత యూరియా వేసినా, ఎన్ని టానిక్కులు కొట్టినా దాని పునాది మారదు.

ఇదే సంగతి గంజాయి మొక్కలోనూ కనబడుతుంది. శాస్త్రం కోసమే చెబుతున్నాను. మామూలు గంజాయి పగలు తగ్గితే పూసే రకం. రష్యా చలి ప్రాంతాల్లో వేసవి చాలా చిన్నది, అందుకని అక్కడి అడవి రకం పగటి పొడవు కోసం చూడకుండా వయసు రాగానే పూస్తుంది. 1924లో ఒక రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు దానికి రుడెరాలిస్ అని పేరు పెట్టారు. చట్టం ఒప్పుకున్న దేశాల్లో దానితో కలిపి తయారుచేసిన రకాల్ని ఆటోఫ్లవరింగ్ అంటారు. ఇళ్ళలో దీపాల కింద, ప్లగ్గులనే చిన్న పొట్టు ముద్దల్లో మొలకెత్తిస్తారు. మొలక వేరు బయటికి కనబడగానే వెంటనే పెద్ద కుండీలోకి మార్చేయాలనేది అక్కడివాళ్ళు పాటించే జాగ్రత్త. ఆ మొక్క ఆయుష్షే రెండున్నర, మూడు నెలలు. ప్లగ్గులో వేరు బిగుసుకుని వారం పోతే ఆ వారం తిరిగిరాదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయిని పెంచడం నేరం, పదేళ్ళ దాకా కఠిన జైలు శిక్ష ఉంది. ఇంట్లో కుండీలో పెంచినా అదే చట్టం. ఆ మొక్క జోలికి ఎవరూ పోవద్దు. వయసుతో పూసే మొక్కని చిన్న గుంటలో ఎక్కువ రోజులు ఉంచకూడదన్న విషయం మాత్రం మన మిరపకి, టమాటాకి అక్షరాలా సరిపోతుంది.

ఇప్పుడు ఆ గుంటలోకి వెళ్దాం. 98 గుంటల ట్రే నింపడానికి సుమారు 1.2 కిలోల కొబ్బరి పొట్టు పడుతుంది. అంటే ఒక మొక్కకి దక్కేది 12 గ్రాములు. కొబ్బరి పొట్టు నీళ్ళు బాగా పట్టి ఉంచుతుంది, గాలి ఆడనిస్తుంది, మట్టిలో ఉండే రోగాలు అందులో తక్కువ. కానీ మొక్కకి తిండి పెట్టే శక్తి దాదాపు లేదు. అందుకే 300 కిలోల పొట్టుకి 5 కిలోల వేపపిండి, అజోస్పిరిల్లమ్, ఫాస్ఫోబ్యాక్టీరియా అనే జీవన ఎరువులు ఒక్కో కిలో కలుపుతారు. విత్తిన ట్రేల్ని పదేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథిన్ షీటు కప్పుతారు. లోపలి వెచ్చదనానికి దాదాపు ఆరో రోజుకి మొలక కనబడుతుంది. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా విడదీసి షేడ్‌నెట్, అంటే నీడ వల కింద పరచాలి. ఒక్క రోజు అశ్రద్ధ చేసినా మొలకలు చీకట్లో తెల్లగా, పొడుగ్గా సాగిపోతాయి. 18వ రోజున నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండే 19-19-19 ఎరువుని లీటరు నీటికి 5 గ్రాములు కలిపి పోస్తారు. ఆ 12 గ్రాముల పొట్టులో మొక్కకి తిండి అంటే అదే.

వేరు కిందికి దిగి గుంట అడుగున ఉన్న రంధ్రం దగ్గర గాలి తగిలి ఆగిపోతుంది, పక్క వేర్లు పుట్టుకొస్తాయి. ఇంతవరకూ మంచిదే. మిరప 35 నుంచి 40 రోజులకి, వంగ 30, 35 రోజులకి, టమాటా 25 రోజులకి సరిగ్గా ఈ దశలో ఉంటుంది. మొక్కని పట్టి లాగితే వేరుముద్ద విడిపోకుండా మొత్తంగా బయటికొస్తుంది, తెల్లటి వేర్ల మధ్య పొట్టు కనబడుతూ ఉంటుంది. అది నాటే రోజు. ఇంకో పది, పదిహేను రోజులు అలాగే ఉంచితే వేర్లు గోడ వెంట చుట్టుకుంటూ పోతాయి, గోధుమ రంగుకి తిరుగుతాయి. కింది ఆకులు పసుపెక్కి రాలుతాయి, కాండం చెక్కబారుతుంది. అలాంటి మొక్కని పొలంలో పెట్టినా వేర్లు ఆ చుట్టు విప్పుకుని మట్టిలోకి పోవడానికి చాలా రోజులు పడుతుంది. నర్సరీలో ఒక్క మొక్కని బయటికి తీసి వేరు చూపించమని అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు. డబ్బు పెట్టేది మీరు.

నీటి గురించి ఒక మాట. తీరం వైపు, కొత్తపట్నం, సింగరాయకొండ చుట్టుపక్కల బోరు నీళ్ళు ఉప్పగా తగిలే చోట సొంతంగా ట్రే నారు పోసుకునేవాళ్ళు ముందు నీళ్ళు పరీక్ష చేయించుకోవాలి. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది, ముఖ్యంగా పీచు తీయడానికి కాయ డొక్కల్ని ఉప్పునీటిలో నానబెట్టిన చోట. మంచి నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి పిండకపోతే ఆకుల అంచులు మాడతాయి, మొలక శాతం పడిపోతుంది. కడిగిన పొట్టు అని కవర్ మీద రాసి ఉన్నా ఒకసారి కడగడమే నా సలహా. ఇక నీళ్ళు ఎక్కువ పోస్తే వచ్చేది నారుకుళ్ళు. మొదళ్ళు మెత్తబడి మొక్కలు గుంపుగా ఒరిగిపోతాయి. సాయంత్రం పోసిన తడి రాత్రంతా ఆకుల మీద నిలవకుండా, పొద్దున పూట పోయడం మేలు. అయినా తెగులు కనబడితే లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి.

పురుగు దూరని సన్నటి వల లేని నర్సరీలో నారు కొనొద్దు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ నారులోనే అంటుకుంటే పొలంలో మందు లేదు. 2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఎలా ఊడ్చేసిందో ఆ ఏడు పంట వేసినవాళ్ళు మరిచిపోలేరు. పూతలోనే పురుగు కూర్చుంది, ఎంత మందు కొట్టినా లొంగలేదు, చాలామంది తోటలు దున్నేశారు. ఆ బాధ పడిన రైతులకి కనీసం నారు దగ్గరైనా మోసం జరక్కూడదని నా తపన. నర్సరీల రిజిస్ట్రేషన్ కోసం 2010లో చట్టం వచ్చింది. ఉద్యాన శాఖ దగ్గర రిజిస్టరైన నర్సరీలోనే కొనండి. బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరుతో పాటు విత్తిన తేదీ కూడా రాయించుకోండి. రాయనంటే పక్క నర్సరీకి వెళ్ళండి.

అసలు చిక్కు ఎక్కడుందంటే మన వానల్లో, కాలువల్లో ఉంది. సాగర్ కుడి కాలువ కింద నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందుగా తెలియదు. మెట్ట భూముల్లో వాన ఎప్పుడు పడుతుందో అంతకన్నా తెలియదు. రైతు జూలైలో నారు ఆర్డర్ ఇస్తాడు, ఆగస్టు చివర్లో గానీ నాటడానికి తగిన తడి, అదే పదును, దొరకదు. నర్సరీ అతను మాత్రం ఏం చేస్తాడు, నారు అలాగే ఉంచుతాడు. అందుకని మొత్తం నారు ఒకేసారి పోయించవద్దు. పది రోజుల తేడాతో రెండు విడతలుగా పోయించండి. మొదటిది ముదిరినా రెండోది చేతిలో ఉంటుంది. బోరు ఉన్నవాళ్ళు వాన కోసం చూడకుండా డ్రిప్పు కింద సరైన వయసుకే నాటేయడం మంచిది. పదును ఇంకో వారంలో దొరుకుతుందని తెలిస్తే నీడ తీసేసి, నీళ్ళు కాస్త తగ్గించి మొక్కని గట్టిపరచవచ్చు. వారం వరకే ఇది పనిచేస్తుంది. నెల రోజులు ఎండగట్టి ఆపడం కుదరదు, లోపల వయసు నడుస్తూనే ఉంటుంది.

ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో మిద్దె మీద కూరగాయలు పెంచే అమ్మలు, అక్కలు చాలామంది ఇప్పుడు నీళ్ళు పోస్తే ఉబ్బే చిన్న బిళ్ళల్లో విత్తనాలు పెడుతున్నారు. రోహిణీ కార్తె ఎండలో మిద్దె మీద మొలక నిలవదు కనుక ఇంట్లో మొలిపించడం తెలివైన పనే. కిటికీ వెలుతురు చాలక మొలక సాగుతుంటే మామూలు ఎల్‌ఈడీ ట్యూబు లైటు మొక్కకి జానెడు ఎత్తులో కట్టి రోజుకి పద్నాలుగు గంటలు వెలిగించండి. టమాటా, మిరప పగటి పొడవు లెక్కపెట్టవు కాబట్టి పూతకి ఇబ్బంది ఉండదు. బిళ్ళ చుట్టూ ఉన్న జాలీలోంచి వేరు బయటికి రాగానే కుండీలోకి మార్చండి. ఆ జాలీ కొన్ని రకాల్లో మట్టిలో త్వరగా చివకదు, చింపి తీసేస్తే వేరుకి దారి దొరుకుతుంది.

ముదురు నారే మిగిలింది, వేరే దారి లేదు అన్నప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మిరపలో ట్రేలోనే వచ్చిన మొగ్గల్ని, పొలంలో పెట్టాక తొలి రెండు వారాల్లో వచ్చే పూతనీ తుంచేయండి. బాగా సాగిన నారైతే నాటడానికి వారం ముందు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వేరుముద్ద అడుగున చుట్టుకున్న వేర్లని వేలితో మెల్లగా విడదీసి నాటండి. టమాటా కాండానికి మట్టి తగిలితే కొత్త వేర్లు పుడతాయి కనుక దాన్ని కింది ఆకుల దాకా లోతుగా పాతవచ్చు. మిరపని మాత్రం అలా లోతుగా పాతకండి, మొదలు కుళ్ళుతుంది. ట్రేలో ఎంతవరకు ఉందో అంతవరకే. నాటిన వెంటనే తడి ఇచ్చి, మూడో రోజు మళ్ళీ చూసుకుని, నిలదొక్కుకోని మొక్కల చోట రెండో విడత నారుతో పూడ్చుకోండి.

సెలవు. నమస్కారం.