బుట్ట కట్టారు సరే, లెక్క పెట్టారా?

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

రైతు: నమస్తే సార్, మహారాష్ట్రలో సిరొంచ దగ్గర నుంచి. ప్రాణహిత ఒడ్డున నాలుగెకరాల పత్తి ఉంది. వాసన బిళ్ళతో రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు కడితే కాయ తొలిచే గులాబీ పురుగు రాదని దుకాణంలో చెప్పారు, పొలాల అమావాస్యకు రెండు కట్టిన. ఇప్పుడు కాయ పగలగొడితే లోపల పురుగుంది, బుట్టలో చూస్తే రెండు ఈగలు, ఒక సాలెపురుగు. టెన్షన్‌గా ఉంది సార్.

శాస్త్రవేత్త: బుట్ట ఎంత ఎత్తులో ఉందన్నా?

రైతు: అప్పుడు చేనుకంటే పైనే ఉండె. ఇప్పుడు ఆకుల్లో మునిగింది.

శాస్త్రవేత్త: అదే మరి. చేను పెరిగేకొద్దీ కర్ర మీద బుట్టను పైకి జరపాలి, ఎప్పుడూ మొక్క కొసకు అడుగు పైన ఉండాలి. ఎర బిళ్ళ మార్చారా?

రైతు: మార్చలేదు. పక్క చేను తమ్ముడు శనగపచ్చ పురుగు బిళ్ళ ఇస్తే అదీ అందులోనే వేసిన, రెండు రకాలూ పడతాయని.

శాస్త్రవేత్త: (నవ్వుతూ) రెండు వాసనలు కలిపేశారా! ఏ పురుగు వాసన దానిదే. రాత్రిపూట ఆడ రెక్కల పురుగు వదిలే వాసనకు నకలే ఆ బిళ్ళ, దానికి మగవే వస్తాయి. ఒక బుట్టకు ఒకే బిళ్ళ, మూడు నాలుగు వారాలకొకసారి కొత్తది, ఒకదాన్ని ముట్టిన చేత్తో ఇంకోదాన్ని ముట్టకండి. ఇంకో మాట, దుకాణంలో చెప్పింది సగమే నిజం. మీ బుట్టలో మగవి పడ్డా, బయట జతకట్టిన ఆడవి వచ్చి మీ కాయల మీద గుడ్లు పెడతాయి. ఎకరానికి రెండు బుట్టలు పురుగు ఎంతుందో చూసుకోడానికి, మూకుమ్మడిగా పట్టాలంటే ఎనిమిది దాకా కావాలి, అదీ ఊరంతా కలిసి కడితేనే కాస్త ఫలితం.

రైతు: మరి మందు కొట్టాల్నా?

శాస్త్రవేత్త: లెక్క చూసి. రోజూ పొద్దున బుట్ట కింది సంచి దులిపి, బియ్యపు గింజంత బూడిద గోధుమ రంగు రెక్కల పురుగుల్ని లెక్కపెట్టండి. బుట్టకు 8 చొప్పున వరసగా 3 రోజులు పడితే కొట్టాలి. మీ బుట్ట ఇన్నాళ్లూ పనిచేయలేదు కదా, అందుకని రేపే చేనంతా తిరిగి 20 పచ్చికాయలు కోసి చీల్చండి, రెండింట్లో పురుగున్నా ఆగొద్దు. విచ్చుకోని గుడ్డి పూలుంటే తెంపి కాల్చెయ్యండి. మందంటే ప్రొఫెనోఫాస్, లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవ్స్ తప్పదన్నా, 2017లో మీ విదర్భలోనే యవత్మాల్‌లో మందు కొడుతూ ఎంతమంది ప్రాణాలు పోయాయో మీకు చెప్పక్కర్లేదు.

రైతు: అవును సార్. డిసెంబర్ దాటినా పూత ఉంటుంది, ఉంచుకోవచ్చా?

శాస్త్రవేత్త: వద్దు. ఆ నాలుగు కాయల కోసం పురుగును వచ్చే ఏడాదికి పెంచినట్టవుతుంది. మేకల్ని తోలి, పత్తి కట్టె పీకేయండి.

రైతు: ఆ కట్టే మా పొయ్యిలోకి సార్, ఎండాకాలమంతా ఇంటెనక పోస్తాం.

శాస్త్రవేత్త: ఎండిన కాయల్లోనే పురుగు నిద్రపోయేది! కాయలన్నీ దులిపి కాల్చాకే కట్టె ఇంటికి తీసుకెళ్లండి.

రైతు: మా ఆమెకు చెప్పాలి, కుప్ప ఆమెదే. సరే సార్, ముందు ఆ శనగపచ్చ బిళ్ళ తీసేస్తా.

శాస్త్రవేత్త: పారేయొద్దు, కవర్లో చుట్టి ఆ పక్క చేను తమ్ముడికే ఇవ్వండి.