టెక్సాస్ హైస్కూల్ పరీక్షలు: 15 నుంచి 5కి ఎలా తగ్గాయి?

[స్క్రీన్ మీద: టెక్సాస్ మ్యాప్, ఆస్టిన్ దగ్గర చుక్క]

నమస్కారం. డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు మనవాళ్లు చాలామంది స్టార్ (STAAR), అంటే టెక్సాస్ రాష్ట్రం స్కూలు పిల్లలకు పెట్టే పరీక్ష, మన టెన్త్ పబ్లిక్ లాంటిదే అనుకుంటారు. ఇక్కడ ర్యాంకుల గోల లేదు. కానీ హైస్కూల్లో ఇవి పాసవకపోతే డిప్లొమా ఆగిపోవచ్చు. అందుకే దీని వెనకున్న చట్టాలు తెలుసుకుందాం.

[స్క్రీన్ మీద: 2012, పెద్ద అంకెల్లో 15]

2012లో స్టార్ మొదలైనప్పుడు, అప్పుడే తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలకు మొత్తం 15 పరీక్షలు పెట్టారు. ఆ మార్కును సబ్జెక్టు గ్రేడులో 15 శాతంగా కలపాలన్న నిబంధన కూడా తెచ్చారు. పిల్లల కంటే ముందు తల్లులు కదిలారు. టామ్సా అనే సంఘంగా ఏర్పడి, ఆస్టిన్‌లో శాసనసభ్యులను కలిసి మాట్లాడారు. శాసనసభ్యుడు జిమ్మీ డాన్ ఏకాక్ ప్రవేశపెట్టిన హౌస్ బిల్ 5పై 2013 జూన్‌లో గవర్నర్ రిక్ పెర్రీ సంతకం చేశారు.

[స్క్రీన్ మీద: 15 కొట్టేసి 5]

ఆ చట్టంతో 15 పరీక్షలు 5కి తగ్గాయి. మిగిలినవి ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, ఆల్జీబ్రా 1, బయాలజీ, అమెరికా చరిత్ర. ఆ 15 శాతం నిబంధన కూడా పోయింది.

నా దృష్టిలో మాత్రం అసలు మేలు చేసింది 2015లో వచ్చిన సెనేట్ బిల్ 149. ఒక అబ్బాయి గుంటూరు నుంచి వచ్చి తొమ్మిదో తరగతిలో చేరాడనుకోండి. ఆల్జీబ్రా మొదటిసారే పాసయ్యాడు. ఇంగ్లిష్ 2లో వ్యాసం రాయాల్సిన చోట మళ్లీ మళ్లీ ఆగిపోతున్నాడు. క్లాసులో మాత్రం ఆ సబ్జెక్టు పాసయ్యాడు, హాజరు బాగుంది. ఆ ఒక్క పరీక్ష కోసం నాలుగేళ్ల చదువు వృథా పోవాలా?

[స్క్రీన్ మీద: బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు]

ఆ సెనేట్ బిల్ 149 ప్రకారం, ఇలాంటి పిల్లల కోసమే స్కూల్లో ఒక కమిటీ వేస్తారు. ప్రిన్సిపల్, ఆ సబ్జెక్టు టీచర్, ఆ విభాగం చూసేవారు, నాలుగో కుర్చీలో తల్లి లేదా తండ్రి. ఐదింటిలో రెండింటి వరకు తప్పినవాళ్లకు ఈ దారి ఉంది. గ్రేడులు, హాజరు, మళ్లీ రాసినప్పుడు వచ్చిన మార్కులు చూస్తారు. పిల్లవాడు అదనపు క్లాసులకు వెళ్లి, ఒక ప్రాజెక్టు చేయాలి, లేదంటే తన పనులన్నీ ఫైలుగా కూర్చి చూపించాలి. అందరూ ఒప్పుకుంటేనే డిప్లొమా. ఒక్కరు కాదన్నా రాదు. పరీక్షే రాయకుండా కమిటీకి వెళ్లడం కుదరదు.

దయచేసి ఆఫీసు పని ఉందని ఆ మీటింగ్ మానేయకండి. మీ పిల్లవాడి కష్టం ఏంటో ఆ గదిలో మీ అంత బాగా చెప్పగలిగేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

ఇండియా నుంచి మధ్యలో వచ్చిన పిల్లలకు ఇంకో మాట. అక్కడ చదివిన సబ్జెక్టుకు స్కూలు క్రెడిట్ ఇస్తే, అంటే ఆ సబ్జెక్టు పూర్తయినట్టు లెక్కేస్తే, సాధారణంగా ఆ పరీక్ష రాయనక్కర్లేదు. కాబట్టి అడ్మిషన్ రోజే మార్కుల షీట్లన్నీ చేతికివ్వండి.

[స్క్రీన్ మీద: 2027-28]

2025లో వచ్చిన హౌస్ బిల్ 8 స్టార్‌ను తీసేసి, 2027-28 నుంచి ఏడాదిలో మూడుసార్లు జరిగే చిన్న పరీక్షలు తెస్తోంది. మీ పిల్లలు ఆ సమయానికి హైస్కూల్లో ఉంటారనుకుంటే, వాళ్ల బ్యాచ్ డిప్లొమాకు ఏ పరీక్షలు లెక్కకొస్తాయో కౌన్సెలర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి.