దౌత్యవేత్త మన జిల్లాకొస్తే

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో అమెరికా, ఇరాన్, తుర్కియే, ఎమిరేట్స్ కాన్సులేట్లున్నాయి. బ్రిటన్ డిప్యూటీ హైకమిషన్ ఉంది. అక్కడ కారెక్కితే నల్లగొండ గానీ, మహబూబ్‌నగర్ గానీ ఎంత దూరమని? సాగర్ చూడ్డానికొచ్చినవాళ్లు, నేత మగ్గాలు చూడ్డానికొచ్చినవాళ్లు దారిలో మున్సిపల్ చైర్‌పర్సన్‌తోనో ఎమ్మెల్యేతోనో ఓ గంట కూర్చుంటారు. చాయ్ వస్తుంది, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. ఆ తర్వాతే అసలు మాట మొదలవుతుంది.

వచ్చినవాళ్లు సాధారణంగా రెండు సంగతులు అడుగుతారు. మీ దగ్గర వేర్వేరు మతాలవాళ్లు ఎట్లా కలిసి బతుకుతున్నారు, ఇది ఒకటి. ఫలానా దేశం గురించి, ఫలానా యుద్ధం గురించి మీరేమంటారు, ఇది రెండోది. మనవాళ్లు చాలామంది మొదటిదానికి రెండు ముక్కల్లో జవాబిచ్చి, రెండోదాని మీద అరగంట ఉపన్యాసం దంచుతారు. జరగాల్సింది సరిగ్గా దానికి తలకిందులు.

రెండోదాని సంగతి ముందు తేల్చేద్దాం. విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో, కేంద్ర జాబితాలో, 10వ అంశం. రాష్ట్రానికే లేని అధికారం మున్సిపాలిటీకి ఎక్కడిది? "అది ఢిల్లీ చూసుకునే విషయమండీ, మా విదేశాంగ శాఖ మాటే మా మాట" అంటే చాలు. అవతలివాళ్లు నొచ్చుకోరు. మన ఇంటి వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని వాళ్లకూ నియమం ఉంది: ఎంబసీలవాళ్లకు 1961 నాటి వియన్నా ఒప్పందం 41వ అధికరణం, కాన్సులేట్లవాళ్లకు 1963 నాటి వియన్నా ఒప్పందం 55వ అధికరణం.

ఇక మొదటిది. దీనికి తీరికగా జవాబివ్వాలి. "భిన్నత్వంలో ఏకత్వం", "గంగా జమునా తెహజీబ్" అని ఊరుకుంటే లాభం లేదు. ఆ మాటలు వాళ్లు ప్రతి జిల్లాలోనూ విన్నారు. మన నల్లగొండ జిల్లాలో ఏముందో అది చెప్పాలి. మన దగ్గర ఏముంది? నాగార్జునకొండ ఉంది. కొండ ఇవాళ లెక్కకు అవతలి ఒడ్డుది, పల్నాడు జిల్లాది. కానీ దాని ముందు నిలబడ్డ సాగర్ నీళ్లు ఇద్దరివీ.

మూడో శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, వాజపేయం చేశాడు, పక్కా వైదికుడు. ఆయన సొంత చెల్లెలు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, దానాలిచ్చింది. అన్న యజ్ఞం, చెల్లెలి చైత్యం, రెండూ ఒకే ఊళ్లో. తర్వాతి కాలంలో కృష్ణ ఒడ్డున శివుడికీ, కార్తికేయుడికీ, ఎనిమిది చేతుల విష్ణువు అష్టభుజస్వామికీ గుళ్లు లేచాయి.

నాకు వీళ్లందరికంటే బోధిసిరి ఇష్టం. ఆమె రాణి కాదు, ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే గృహస్థురాలు. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో అక్కడి చుళధమ్మగిరి అనే గుట్ట మీద ఓ చైత్యగృహం, అంటే స్తూపమున్న పూజామందిరం, కట్టించి, రాతి పలకలు పరిచి, ప్రాకృతంలో శాసనం చెక్కించింది. ఎవరికిచ్చింది? సింహళం, అంటే ఇవాళ్టి శ్రీలంక, నుంచి వచ్చిన భిక్షువులకు. ఆ భిక్షువుల పరంపర ఏయే దేశాలవాళ్లను మెప్పించిందో శాసనం ఒక్కొక్కటీ చెబుతుంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, సింహళ ద్వీపం, ఇంకా కొన్ని. అక్కడితో ఆగలేదు, తన మిగతా దానాలనూ రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట గది, ఇంకోచోట చెరువు, మరోచోట మండపం. దాత పేరుంది, దానం పేరుంది, పుచ్చుకున్నవాళ్ల పేరుంది. విదేశీయులకు చోటిచ్చిన ఊరు మాది అనడానికి ఇంతకంటే రాతలో ఉన్న సాక్ష్యం ఏం కావాలి?

2022లో సాగర్ దగ్గర నందికొండలో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానంలో, శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి ఆ దేశమే ఇచ్చిన నమూనా ఉంది, 27 అడుగులది. దాని ముందు నిలబెట్టి బోధిసిరి సంగతి చెబితే, ఏ దేశపు దౌత్యవేత్త అయినా ఇంకో ప్రశ్న అడుగుతారు.

ఆ ఇంకో ప్రశ్న ఇవాళ్టి గురించే ఉంటుంది. "మా దగ్గర గొడవలే లేవు" అనొద్దు, వాళ్లూ పేపర్లు చదువుతారు. గొడవ రాకుండా ఏం చేస్తారో చెప్పండి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. హైదరాబాదులో మిలాద్ ఊరేగింపును నిర్వాహకులే అక్టోబర్ 1కి మార్చుకున్నారు. మీ ఊళ్లో శాంతి కమిటీలో ఎవరెవరు కూర్చుంటారు, ఏ దారి ఎవరికి, ఏ టైముకు మైకు ఆపుతారు, అది చెప్పండి. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు ఎట్లా వెళ్తారో, ఊళ్లో పీర్లు ఎత్తేదెవరో చెప్పండి. రెండు వాక్యాలు పలికి దుబాసీ కోసం ఆగండి. ఐదు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే ఆయన మూడు ముక్కల్లో తేల్చేస్తాడు, పేర్లన్నీ గల్లంతు.

వీసా సిఫారసులు ఆ బల్ల దగ్గర అడక్కండి. విదేశంలో మనవాడెవరైనా చిక్కుకుంటే అది చూసేది అక్కడి మన ఎంబసీ, దానికి మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది.

చివరికి వచ్చేది ఆహ్వానం. "మా దేశం రండి, ఖర్చులు మావి" అంటారు. సంతోషించండి, కానీ అక్కడికక్కడే ఒప్పుకోకండి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఆతిథ్యం పొందాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. అది ఎమ్మెల్యేలకే కదా అనుకుంటారు. కాదు. ఆ చట్టం చెప్పే శాసనసభ లెక్కలో మున్సిపాలిటీ ఉంది, పంచాయతీ ఉంది. వార్డు కౌన్సిలరైనా, సర్పంచైనా, పార్టీ పదవిలో ఉన్నవారైనా దాని కిందికే వస్తారు. దరఖాస్తు ఎఫ్‌సీ-2 ఫారంలో, కేంద్ర హోం శాఖకు, ఆన్‌లైన్లో. ఆహ్వాన పత్రం జతచేయాలి. ప్రయాణానికి రెండు వారాల ముందే అందాలి. హైదరాబాద్ కాన్సులేట్లో తాగిన చాయ్‌కి ఇదేమీ అక్కర్లేదు. అక్కడికి వెళ్లాక హఠాత్తుగా జబ్బుచేసి వాళ్ల ఖర్చుతో వైద్యం చేయించుకోవాల్సి వస్తే మాత్రం ముందు అనుమతి అడగనక్కర్లేదు, కానీ నెల లోపు కేంద్రానికి తెలియజేయాలి.