పోటును పుట్టించేది ఆకర్షణలోని తేడా

[దృశ్యం: నీరు మెల్లగా తీరం పైకి ఎక్కుతూ ఉంటుంది, వేగం పెంచి చూపాలి]

వ్యాఖ్యానం: సముద్రపు నీటిని చంద్రుడు తన వైపు లాగడం వల్ల పోటు వస్తుందని చాలామంది చెబుతారు. విషయం అంతే అయితే చంద్రుడున్న వైపు మాత్రమే, అంటే రోజుకు ఒక్కసారే పోటు రావాలి. చాలా తీరాల్లో అది రెండుసార్లు వస్తుంది.

[యానిమేషన్: భూమిపై మూడు బాణాలు, చంద్రుడి వైపుది పొడవుగా, అవతలి వైపుది పొట్టిగా]

చంద్రుడి ఆకర్షణ దగ్గరి నీటిపై ఎక్కువగా, భూకేంద్రంపై కొంత తక్కువగా, అవతలి వైపు నీటిపై ఇంకా తక్కువగా ఉంటుంది. ఈ తేడా వల్లనే రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. సూర్యుడు భూమిని చంద్రుడికంటే దాదాపు 180 రెట్లు బలంగా లాగుతాడు. అయినా చాలా దూరంలో ఉన్నందువల్ల ఆ తేడా స్వల్పమై, పోటుపై అతని ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కూడా చేరదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇద్దరి ప్రభావమూ కలిసి పోటు పెరుగుతుంది, అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు కనుక, ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది.

[దృశ్యం: ఫండీ అఖాతం, ఆటు సమయంలో బురదలో కూర్చున్న పడవలు]

1687లో న్యూటన్ వివరించినది ఈ బలాన్నే. అయితే పాఠ్యపుస్తకాల బొమ్మల్లోలాగా నీటి ఉబ్బు భూమి చుట్టూ నిరాటంకంగా తిరగదు. ఖండాలు అడ్డుపడతాయి, నీరు పెద్ద అలలుగా ఆయా సముద్రాల్లోనే అటూ ఇటూ ఊగుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు సహజంగా ఊగే కాలం పోటు కాలానికి దగ్గరగా ఉండడంతో, సరైన అదనులో తోసిన ఊయలలా అది పెరిగి 16 మీటర్ల వరకూ లేస్తుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల మీటరు కూడా లేవదు.

[దృశ్యం: రేవులోకి వస్తున్న ఓడ, తర్వాత థేమ్స్ అడ్డుగేట్లు]

లోతు చాలని రేవుల్లోకి పెద్ద ఓడలు పోటు చూసుకునే వస్తాయి. ఫ్రాన్స్‌లోని రాన్స్ నదీముఖంలో 1966 నుంచి ఆటుపోట్లతో విద్యుత్తు తీస్తున్నారు. పోటు వేళలను ఏళ్ల ముందే లెక్కగట్టవచ్చు. గాలిని అలా లెక్కగట్టలేం. 1953లో ఉత్తర సముద్రంలో తుపాను గాలి పెద్ద పోటుతో కలిసినప్పుడు నెదర్లాండ్స్‌లోనే 1,800 మందికి పైగా మరణించారు. ఆ తర్వాతే లండన్ రక్షణకు థేమ్స్ నదిపై అడ్డుగేట్లు కట్టాలన్న ఆలోచన బలపడి, 1984లో వాటిని అధికారికంగా ప్రారంభించారు. ఉప్పెన హెచ్చరిక రాగానే, పోటు వచ్చేదాకా ఆగకుండా, అంతకుముందు వచ్చే ఆటు సమయంలోనే వాటిని మూసివేస్తారు. ఎగువ నుంచి దిగే నదీజలానికి గేట్ల వెనుక చోటు మిగిలేది అప్పుడే.