వెన్న లేదు, నూనె లేదు: ఐరిష్ టీ బ్రాక్‌లో పనంతా డికాషన్‌దే

నమస్తే అండి. ఈ రోజు మనం చూడబోయే రొట్టెలో వెన్న లేదు, నూనె లేదు, పాలు కూడా లేవు. పిండి, ఎండుద్రాక్ష, బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, కాస్త మసాలా పొడి, టీ డికాషన్. అంతే. అయినా నాలుగు రోజుల తర్వాత కోసినా లోపల మెత్తగా, తడిగా ఉంటుంది. ఐర్లండ్‌లో దీన్ని టీ బ్రాక్ అంటారు. సముద్రం దాటితే వేల్స్‌లో దాదాపు ఇదే పద్ధతిలో చేసేది బారా బ్రిత్.

డబ్లిన్‌లో ఉంటున్న మనవాళ్లకి అక్టోబర్ వచ్చిందంటే సూపర్‌మార్కెట్లో బార్మ్‌బ్రాక్ కనిపిస్తుంది. అదీ ఇదీ ఒకటేనా అంటే, ఒకే కుటుంబమే కానీ రెండూ వేరు. షాపులో అమ్మేది ఎక్కువగా ఈస్ట్‌తో పొంగించినది, తుంచితే మన బన్నులాగా సాగుతుంది. పూర్వం ఆ ఈస్ట్ కోసం బీరు పులిసేటప్పుడు పైకి తేలే నురగ వాడేవారు. ఇళ్లలో సులువుగా చేసుకునే టీ బ్రాక్‌కి ఈస్ట్ అక్కర్లేదు, పిసకడం అక్కర్లేదు, బేకింగ్ పౌడర్ చాలు. వేల్స్‌లోనూ ఇదే మార్పు వచ్చింది. పాత బారా బ్రిత్‌లో ఈస్ట్‌తో పాటు పంది కొవ్వు కూడా పడేది. వేల్స్‌కి ఎదురుగా, సెవర్న్ నదీముఖం అవతల ఉన్న బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ అనే బేకరీ ఆయన 1845లో సెల్ఫ్ రైజింగ్ పిండికి, అంటే పొంగించే పొడి ముందే కలిపి ఉండే పిండికి, పేటెంట్ తీసుకున్నారు. అలాంటి పిండి వంటింట్లోకి వచ్చాక ఈ రొట్టె కలపడం అయిదు నిమిషాల పని అయిపోయింది.

అసలు పని ముందురోజు రాత్రే ఉంటుంది. ఇదిగో ఈ గిన్నె చూడండి. 350 గ్రాముల ఎండుద్రాక్ష, నల్లవీ తెల్లవీ కలిపి. 150 గ్రాముల బ్రౌన్ షుగర్. దీని మీద 300 మిల్లీలీటర్ల వేడి డికాషన్ పోసి, మూతపెట్టి, పొద్దున దాకా వదిలేయాలి. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ టీ పేరుతో అమ్మే పొడుల్లో ప్రధానంగా ఉండేది అస్సాం టీయే. కాబట్టి మన ఇంట్లో ఉన్న పొడే బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే మన అలవాటు ప్రకారం పొయ్యి మీద మరగబెట్టకండి, చేదెక్కుతుంది. మరిగిన నీళ్లు పొడి మీద పోసి, అయిదు నిమిషాలు ఉంచి, వడకట్టండి. అల్లం, యాలకులు వద్దు.

పొద్దున మూత తీస్తే ఇలా ఉంటుంది. ముడతలన్నీ పోయి ఒక్కో ద్రాక్ష ఉబ్బి, నిగనిగలాడుతోంది. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కండి, గోధుమరంగు రసం కారుతుంది. ఈ రొట్టెకి వెన్న అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. ఎండుద్రాక్షని పొడిగా వేస్తే అది చుట్టూ ఉన్న పిండిలోని తేమని లాగేసుకుంటుంది, రొట్టె రెండో రోజుకే ఎండిపోతుంది. కడుపునిండా తాగిన ద్రాక్షకి ఇంక లాక్కోవాల్సిన అవసరం ఉండదు. మరి నీళ్లలో నానబెట్టొచ్చుగా అంటారేమో. మెత్తదనం వస్తుంది కానీ రుచి రాదు. టీలో ఉండే ఆ చిన్న వగరు ఇంత చక్కెర తీపినీ అదుపులో పెడుతుంది, పైగా మంచి ముదురు రంగు ఇస్తుంది. టైమ్ లేదని అరగంట నానబెట్టి, ఆ లోటు వెన్నతో పూడ్చే వంటకాలు నేను చూశాను. అది తినడానికి బాగానే ఉండొచ్చు, కానీ టీ బ్రాక్ మాత్రం కాదు. ఈ విషయంలో నేను రాజీపడను.

గిన్నె అడుగున పాకంలా మిగిలిన డికాషన్‌ని పారబోయకండి! పిండిని కలిపేది అదే. 250 గ్రాముల మైదా, మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ దాల్చినచెక్క-జాజికాయ పొడి, గిలక్కొట్టిన గుడ్డు. గరిటెతో పొడి పిండి కనపడనంత వరకే కలపాలి. బటర్ పేపర్ వేసిన బ్రెడ్ టిన్‌లో పోసి, 160 డిగ్రీల దగ్గర సుమారు గంటా పావు. పైన త్వరగా రంగు వస్తే ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి.

వేడివేడిగా కోస్తే పొడిపొడిగా విరిగిపోతుంది. పూర్తిగా చల్లారాక చుట్టిపెట్టి, మర్నాడు వేలెడు మందాన ముక్కలు కోసి, పైన ఉప్పు వెన్న దండిగా రాసుకోండి. లోపల వేయని వెన్నంతా ఇక్కడ రాసుకోవచ్చు, తప్పులేదు. వేల్స్‌లోనూ తినేది ఇలాగే. కొందరు పిండిలో ఒక స్పూను మార్మలేడ్ (నారింజ తొక్కల జామ్) కలుపుతారు, కొందరు వేడిగా ఉండగానే పైన తేనె పూస్తారు. తేనె పూసింది నాకు మరీ ఇష్టం.

ఐర్లండ్‌లో హాలోవీన్ రాత్రి, అంటే అక్టోబర్ 31న, బ్రాక్ కోయడమంటే జోస్యం చూసుకోవడం కూడా. పాత ఆచారంలో రొట్టె లోపల ఉంగరం, నాణెం, బఠాణీ గింజ, గుడ్డపీలిక, చిన్న పుల్ల దాచేవారు. ఉంగరం వస్తే ఏడాదిలోపు పెళ్లి, నాణెం వస్తే డబ్బు, బఠాణీ వస్తే ఆ ఏడు పెళ్లి లేనట్టే. గుడ్డపీలిక పేదరికానికి, పుల్ల కలతల కాపురానికి గుర్తు. పెళ్లి కాని ఆడపిల్లలు ముక్క అందుకునేటప్పుడు ఎంత టెన్షన్ పడేవారో ఊహించుకోండి! ఇప్పుడు షాపుల్లో కొనే బ్రాక్‌లో ఉంగరం ఒక్కటే వస్తోంది. అదైనా మిగిలినందుకు నాకు సంతోషంగా ఉంది. ఇంట్లో మీరూ పెట్టాలనుకుంటే శుభ్రంగా కడిగిన ఉంగరాన్ని బటర్ పేపర్‌లో పెద్ద పొట్లంలా చుట్టి పెట్టండి. లోపల ఉంగరం ఉందని కోసే ముందే అందరికీ చెప్పండి. మరీ చిన్నపిల్లలుంటే మానేయండి.

అక్టోబర్ 31 సాయంత్రానికి కావాలంటే 29 రాత్రే ద్రాక్ష నానబెట్టండి. 30 పొద్దున ఓవెన్‌లో పెడితే కోయడానికి 31కి సరిగ్గా సిద్ధమవుతుంది.