మాట రాలేదా? ముందు చూపుడు వేలు గమనించండి

అంగన్‌వాడీ టీచర్లకు, వెంట వచ్చిన అమ్మలకు నమస్కారం.

హన్మకొండలో గాని, పరకాల, నర్సంపేట దిక్కు ఊళ్లలో గాని, రెండున్నరేళ్ల పిల్లాడికి మాట రాలేదంటే ఇంట్లో పెద్దోళ్లు అనేది ఒకటే: "వాళ్ల నాయినకు కూడా లేటుగనే వచ్చినయ్, ఊకో." కొందరికి మాట నిజంగానే ఆలస్యమవుతుంది. కానీ అది ఆటిజం (మెదడు ఎదిగే తీరులో తేడా) కూడా కావచ్చు. మాట రాని ఆ పిల్లాడు మీతో ఎలా మసలుతున్నాడో చూశారా?

ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు వేలితో చూపిస్తారు. బిస్కెట్ కావాలని చూపించడం ఒక రకం. పైన విమానం పోతుంటే చూపించి, "నువ్వూ చూశావా" అన్నట్టు మీ మొహంలోకి చూడటం ఇంకో రకం. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువగా వెనకబడేది ఈ రెండోదే. దాహమైతే అలాంటి పిల్లాడు అడగడు, చూపించడు. అమ్మ మణికట్టు పట్టుకుని బిందె దాకా లాక్కెళ్లి, ఆ చేతిని గ్లాసు మీద పెడతాడు. అమ్మ మొహం మాత్రం చూడడు. చూసేవాళ్లు మొండి అంటారు. పాపం, వాడికి తెలిసిన దారి అదే.

పేరు పెట్టి పిలిస్తే పలకడు, చిప్స్ ప్యాకెట్ చప్పుడుకు ఉరికొస్తాడు. అలాగని చెవులు బాగున్నాయని మనమే తేల్చేయొద్దు. వినికిడి పరీక్ష చేయించాల్సిందే.

ఇక తప్పెవరిదన్న పంచాయితీ. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఈ పిల్లల గురించి రాశాక, తల్లి ప్రేమ చాలకే ఇలా అవుతుందని చాలా ఏళ్లు డాక్టర్లే నమ్మారు. ఆ వాదన ఎప్పుడో కూలిపోయింది, మన ఇళ్లల్లోనే ఇంకా బతికుంది. టీకాలతో ఆటిజం వస్తుందన్న భయం పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆటిజం మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అందులో జన్యువుల పాత్ర పెద్దది.

బతుకమ్మ దగ్గర డీజే మోగితే చెవులు మూసుకుని ఏడుస్తాడా? కసరకండి, దూరంగా తీసుకెళ్లండి. ఆ చప్పుడు వాడికి నిజంగానే భరించలేనంత.

అనుమానం ఉంటే ఆర్‌బీఎస్‌కే టీమ్ (పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం) వచ్చినప్పుడు చూపించండి, వాళ్లు జిల్లాలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి) పంపుతారు. రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ఆటిజం తేలదు, పిల్లాడి తీరు గమనించే చెబుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, కాబట్టి సర్టిఫికెట్ అడగడానికి మొహమాటం వద్దు.

డాక్టర్ చెప్పేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. వాడి ఎదురుగా కింద కూర్చోండి. వాడికిష్టమైన వస్తువు మీ కళ్ల దగ్గర పట్టుకుని కాసేపు ఆగండి. ఒక్క క్షణం చూసినా చాలు, వెంటనే ఇచ్చేయండి. చూడకపోయినా ఏడిపించకండి, ఇచ్చి మళ్లీ ఆడండి.